400 కిలోమీటర్లు తొక్కితే ఒక ఇంటికి పైకప్పు: ఆర్మేనియాలో చారిటీ సైకిల్ రైడ్

ఈ ఎపిసోడ్‌లో ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. "నువ్వు సైకిల్ తొక్కితే ఇంకెవరికో ఇల్లు ఎలా వస్తుంది? ఆ ఖర్చేదో నేరుగా వాళ్లకే ఇచ్చేయొచ్చు కదా?" ఇది నన్ను మా నాన్న అడిగారు, హాస్టల్ ఫ్రెండ్స్ అడిగారు, డబ్బులిచ్చిన మా మేనమామ అయితే ఇచ్చాక అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే రైడ్ మొత్తం చెప్పాలి. కొంచెం ఓపిగ్గా వినండి.

నేను ఆర్మేనియాలో, యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. మన తెలుగు పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. బస్సెక్కితే వెనక సీట్లో ఎవరో ఒకరు "ఒరేయ్ దిగాలిరా" అనడం వినపడుతుంది. జూన్ చివర్లో పరీక్షలు అయిపోయాక ఒక గ్రూప్‌తో కలిసి సైకిల్ యాత్ర చేశాను. మొత్తం 14 మంది. లోకల్ వాళ్లు కొందరు, వేరే దేశాల్లో స్థిరపడిన ఆర్మేనియన్లు కొందరు, మన ఇండియా వాళ్లం ఇద్దరం. నేను తొక్కడంతో పాటు ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ బాధ్యత కూడా నాదే. యెరెవాన్ నుంచి గ్యుమ్రి దాకా, నేరుగా వెళ్లకుండా చుట్టూ తిరిగి, దాదాపు 400 కిలోమీటర్లు. దారిపొడవునా పాత చర్చిలు, మఠాలు, సమాధులు. చివర్లో గ్యుమ్రిలో సగంలో ఆగిపోయిన ఒక ఇల్లు. మేం పోగుచేసిన డబ్బు ఆ ఇంటికి.

ముందు దేశం గురించి రెండు ముక్కలు. ఆర్మేనియా మొత్తం విస్తీర్ణం 30 వేల చదరపు కిలోమీటర్ల లోపే. అంటే మన తెలంగాణలో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. జనాభా 30 లక్షల దరిదాపు. నాలుగు పక్కలా నాలుగు దేశాలున్నా, టర్కీ సరిహద్దు మూత, అజర్‌బైజాన్ సరిహద్దు మూత. జార్జియా, ఇరాన్ వైపు మాత్రమే దారి తెరిచి ఉంది. క్రైస్తవాన్ని రాజ్య మతంగా తీసుకున్న మొదటి దేశం ఇదేనని చెప్తారు. సంప్రదాయం ప్రకారం ఆ ఏడు క్రీ.శ. 301. వాళ్ల లిపి కూడా వాళ్లదే. మెస్రోప్ మష్తోత్స్ అనే పండితుడు 405 ప్రాంతంలో 36 అక్షరాలతో తయారుచేశాడు. షాపు బోర్డులు చదవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అర్థం తెలియడానికి ఇంకా పడుతోంది.

మనకీ వాళ్లకీ పాత సంబంధం ఒకటుంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' ఎక్కడ అచ్చయిందో తెలుసా? 1794లో మద్రాసులో. హరుత్యున్ ష్మావోన్యన్ అనే మతగురువు దాన్ని నడిపాడు. చెన్నైలో ఆర్మేనియన్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది, వాళ్ల చర్చి కూడా ఉంది. మచిలీపట్నం రేవులోనూ ఆర్మేనియన్ వర్తకులు వ్యాపారం చేసేవాళ్లు. ఈ సంగతి నేను మా గ్రూప్‌లో చెప్తే, యెరెవాన్ స్కూల్లో పాఠాలు చెప్పే ఒకావిడ "మద్రాసు మాకు చిన్నప్పుడే పాఠంలో ఉంది" అంది. మనకెవరికీ లేదు.

సరే, రైడ్‌కి వద్దాం.

మొదటి రోజు యెరెవాన్ నుంచి ఖోర్ విరాప్. సుమారు 40 కిలోమీటర్లు, అంతా చదును. చదును అంటే హాయి అనుకోకండి. అరారత్ మైదానంలో జూన్ చివర్లో ఎండ మన రెంటచింతలని గుర్తుచేస్తుంది. రోడ్డు పక్కన ఆప్రికాట్ తోటలు. ఆప్రికాట్ అంటే మన హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా తింటాం కదా, ఆ ఖుబానీయే. దాని శాస్త్రీయ నామమే ప్రూనస్ ఆర్మేనియాకా. కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్లు. ఎదురుగా అరారత్ పర్వతం, 5 వేల మీటర్లు దాటిన మంచు కొండ. ఆర్మేనియా రాజముద్రలో ఉంది, డబ్బుల మీద ఉంది, బిస్కెట్ ప్యాకెట్ మీద ఉంది. కానీ ఉండేది టర్కీలో. ఖోర్ విరాప్ మఠం గుట్ట ఎక్కితే కింద సరిహద్దు కంచె కనపడుతుంది, దాని అవతల ఆ కొండ.

ఖోర్ విరాప్ అంటే లోతైన గొయ్యి అని అర్థం. మూడో తిరిదాతెస్ రాజు గ్రిగర్ అనే అతన్ని, క్రైస్తవుడైనందుకు, ఇక్కడి గోతిలో 13 ఏళ్లు పడేశాడని కథ. చిన్న చాపెల్ లోపల నేలలో కంత, నిటారుగా ఇనుప నిచ్చెన. సుమారు 6 మీటర్లు కిందికి దిగాలి. కింద గాలి ఆడదు, చెమటలు. అంతకాలం మనిషి ఎలా బతికాడంటే, ఊళ్లో ఒక విధవరాలు రోజూ ఒక రొట్టె పైనుంచి జారవిడిచేదట. తర్వాత రాజుకి పిచ్చెక్కితే ఇదే గ్రిగర్‌ని పైకి తీసి వైద్యం చేయించుకున్నాడు, నయమయ్యాక దేశం మొత్తం మతం మారింది. గ్రిగర్ పేరు అందరికీ తెలుసు, పుస్తకాల్లో ఉంది, బొమ్మల్లో ఉంది. ఆ రొట్టె వేసినావిడ పేరు నేను అడిగిన వాళ్లలో ఎవరూ చెప్పలేదు. చారిటీ రైడ్ మొదటి రోజే ఈ కథ వినడం... సరే, ముందుకెళ్దాం.

గుట్ట కింద పావురాలు అమ్ముతారు. డబ్బిచ్చి, కోరిక కోరుకుని, అరారత్ వైపు వదలాలి. అవి ఒక రౌండ్ కొట్టి మళ్లీ ఓనర్ దగ్గరికే వస్తాయి. మంచి బిజినెస్. (నవ్వు)

ఇక్కడ డబ్బు సంగతి చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతా. చారిటీ రైడ్‌లో రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి రైడ్ నడపడానికి: సైకిల్ అద్దె, తిండి, పడక, వెనకాల వచ్చే వ్యాన్, డీజిల్. రెండోది సాయానికి పోగుచేసిన విరాళం. ఈ రెండూ ఒకే సంచిలో వేస్తే కష్టం. ఎందుకంటే దాత "ఇంటికి ఇస్తున్నా" అనుకుని ఇస్తాడు, అందులో సగం మన హోటల్ బిల్లుకి పోవచ్చు. అమెరికాలో పాన్ మాస్ ఛాలెంజ్ అని పాత రైడ్ ఒకటుంది. 1980లో 36 మందితో మొదలైంది, క్యాన్సర్ ఆసుపత్రి కోసం. ఇప్పుడు రైడర్లు తెచ్చిన విరాళంలో ప్రతి డాలరూ ఆసుపత్రికే ఇస్తారు, రైడ్ ఖర్చు స్పాన్సర్ల నుంచి, ఫీజుల నుంచి వేరుగా తెచ్చుకుంటారు. ఇంకో పక్క, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్ దాకా నడిచిన ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ అనే పెద్ద రైడ్ 2025లో ఆఖరుసారి జరిగి ఆగిపోయింది. వచ్చేవాళ్లు తగ్గారు, నడిపే ఖర్చు పెరిగింది. అంటే మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు, లెక్క కుదరాలి.

మా గ్రూప్‌లో మొదటి రోజు నుంచే రెండు ఖాతాలు. ఎవరి తిండి, పడక ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. నేను స్టూడెంట్‌ని కాబట్టి సైకిల్ అరువు తెచ్చుకున్నాను. విరాళం మాత్రం ఇల్లు కట్టించే సంస్థకి నేరుగా దాతే పంపాలి, మా చేతికి రాదు. మనవాళ్లు ఒక ముక్క గుర్తుపెట్టుకోండి: ఇండియా నుంచి బయటి దేశపు సంస్థకి ఇచ్చిన విరాళానికి 80జి కింద పన్ను మినహాయింపు రాదు. మా మేనమామ రసీదు అడిగి, ఈ విషయం తెలిసి పది నిమిషాలు మాట్లాడలేదు. ఇచ్చింది మాత్రం వెనక్కి అడగలేదు, పాపం.

ఇప్పుడు నాన్న ప్రశ్న: ఆ సొంత ఖర్చు కూడా ఇచ్చేస్తే పోయేది కదా? లెక్క ప్రకారం అవును. కానీ ఊరికే "ఆర్మేనియాలో ఒక ఇల్లుంది, డబ్బు పంపండి" అని నేను మెసేజ్ పెడితే మా క్లాసులో ఎంతమంది పంపుతారు? రోజూ "ఈ రోజు ఇంత ఎక్కాం, ఇక్కడ పడుకున్నాం" అని ఫొటో పెడితే జనం చూస్తారు, చూసినవాళ్లలో కొందరు ఇస్తారు. సైకిల్ ఒక రకంగా డప్పు. ఊళ్లో డప్పు కొడితే తప్ప ఎవరూ గుమ్మంలోకి రారు.

రెండో రోజు మైదానం వదిలి కొండల్లోకి. ఎరస్ఖ్ అనే ఊరి దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. నేరుగా పోతే నఖిచెవాన్, అంటే అజర్‌బైజాన్ భూభాగం. దారి మూత. అక్కడ్నుంచి సుమారు 1,800 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి అరెని ఊరికి దిగాం. అరెని ద్రాక్షకి పేరు. ఇక్కడి గుహలో 5,500 ఏళ్ల నాటి తోలు చెప్పు దొరికింది. లేసులతో సహా. ఇప్పుడది యెరెవాన్ మ్యూజియంలో ఉంది. అదే గుహలో 6 వేల ఏళ్ల కిందటి ద్రాక్షసారా తయారీ తొట్లు కూడా బయటపడ్డాయి. ఊళ్లో ఇంటి ముందు బల్ల మీద కోకాకోలా సీసాల్లో వైన్ పోసి అమ్ముతారు. మనవాడొకడు దాహంతో కోక్ అనుకుని... సరే, అది వద్దు.

అరెని దగ్గర్నుంచి ఎర్రటి కొండల మధ్య ఇరుకు లోయలో 8 కిలోమీటర్లు వెళ్తే నొరవాంక్. 13, 14 శతాబ్దాల మఠం. మోమిక్ అనే శిల్పి చేతి పని. అక్కడ రెండంతస్తుల చర్చి ఒకటుంది, 1339లో పూర్తయింది. పై అంతస్తుకి మెట్లు గోడ ముందు భాగంలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అడుగు పెట్టేంత వెడల్పు, పట్టుకోడానికి ఏమీ లేదు. సైకిల్ బూట్ల కింద ఇనుప క్లిప్‌లు ఉంటాయి కదా, రాయి మీద జారుతాయి. అందరం బూట్లు విప్పి సాక్సులతో, కోతుల్లా నాలుగు కాళ్ల మీద ఎక్కాం. గుడికి వచ్చాం కాబట్టి చెప్పులు విప్పడం మనకి అలవాటే, మిగతావాళ్లకి కొత్త.

చర్చిలో ఇక్కడి పద్ధతులు చెప్పాలి. లోపల కుర్చీలు తక్కువ, జనం నిలబడతారు. ఇసుక, నీళ్లు పోసిన పళ్లేల్లో సన్నటి పసుపు కొవ్వొత్తులు గుచ్చుతారు. బయటికి వచ్చేటప్పుడు వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తారు, పీఠానికి వీపు చూపించకూడదని. ఇంకోటి ఉంది, మతాఘ్. మొక్కు తీరితే పొట్టేలునో కోడినో తెస్తారు. గురువు ఆశీర్వదించిన ఉప్పు వేసి ఉడకబెట్టి, మాంసం పేదవాళ్లకీ ఇరుగుపొరుగుకీ పంచేస్తారు. దాచుకోకూడదు, ఆ రోజే అయిపోవాలి. మన జాతర మొక్కులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నొరవాంక్ కింద ఒక కుటుంబం మాకు కూడా పెట్టింది. "ఎవరి కోసం మొక్కు?" అని అడిగాం. కొడుకు సైన్యం నుంచి క్షేమంగా తిరిగొచ్చాడట. ఆ అబ్బాయే వడ్డించాడు.

మూడో రోజు. సెలిమ్ కనుమ. దీని కోసమే అందరూ భయపడ్డారు. యెఘెగ్నాద్జోర్ ఊరు సుమారు 1,200 మీటర్ల ఎత్తు, కనుమ 2,410 మీటర్లు. అంటే దాదాపు మన తిరుమల కొండ ఎత్తు కంటే ఎక్కువే, ఒకే రోజు, వంపులు తిరుగుతూ. అయితే అందం మామూలుగా లేదు. గడ్డి మీద పూలు, రోడ్డు వారన తేనెపెట్టెలు పేర్చి పెట్టుకున్న పెంపకందారులు, గొర్రెల మందలు. మందలుంటే గంప్ర్ కుక్కలుంటాయి. తోడేళ్లతో తలపడే కాపలా కుక్కలు, దూడంత ఉంటాయి. వాటి ముందు వేగంగా తొక్కి పారిపోవడం అన్నిటికన్నా చెడ్డ ఐడియా. దిగిపోవాలి, సైకిల్‌ని మనకీ దానికీ మధ్య అడ్డం పెట్టుకోవాలి, నెమ్మదిగా నడవాలి, కాపరిని పిలవాలి. మూడుసార్లు ఇలా నడిచాం.

ఇక్కడే గొడవ కూడా జరిగింది. మాలో ఒక పెద్దాయన, అరవై దాటాయి. పైకి ఇంకో 8 కిలోమీటర్లు ఉందనగా ఆగిపోయాడు. మొహం తెల్లబడింది, చెమట ఆగిపోయింది, తల తిరుగుతోందన్నాడు. నాడి చూస్తే బాగా వేగంగా ఉంది. వ్యాన్ ఎక్కండి అన్నాను. ఎక్కనన్నాడు. ఎందుకంటే ఆయన మనవరాళ్లు, స్నేహితులు కిలోమీటర్‌కి ఇంత అని మాటిచ్చారు. "నేను వ్యాన్‌లో వెళ్తే ఆ 8 కిలోమీటర్ల డబ్బు ఆ ఇంటికి పోదు" అంటాడు. నేను థర్డ్ ఇయర్ స్టూడెంట్‌ని, ఆయన నా తాత వయసు. అరవలేను. నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టి, ఉప్పు చక్కెర నీళ్లు కొంచెం కొంచెం తాగించాను. ఈలోపు టీచరమ్మ ఆయన ఫోన్ తీసుకుని మనవరాలికి వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల ఒక్క మాట అంది, ఆయన లేచి వ్యాన్ ఎక్కాడు. ఏమందో మాకు అర్థం కాలేదు, టీచరమ్మ చెప్పలేదు.

నా అభిప్రాయం గట్టిగా చెప్తాను: కిలోమీటర్‌కి ఇంత అనే పద్ధతి మానేయాలి. వినడానికి బాగుంటుంది, పిల్లలకి లెక్క కూడా తేలిక. కానీ ఆరోగ్యం బాగోని మనిషిని అది సీటు దిగనివ్వదు. మొత్తం ఇంత అని ఒకేసారి చెప్పించుకుంటే, సగంలో ఆగినా, వాన పడినా, సైకిల్ విరిగినా ఆ డబ్బు ఆ ఇంటికి పోతుంది. ఆ రాత్రే మిగతావాళ్లు కూడా తమ దాతలకి అలా మెసేజ్‌లు పెట్టి మార్పించారు. ఒక్కరూ కాదనలేదు.

కనుమ దాటకముందే ఓర్బెల్యన్‌ల కారవాన్ సరాయి ఉంటుంది. 1332లో కట్టిన సత్రం. నల్లటి రాతి కట్టడం, లోపల చీకటి, ఒంటెలూ గుర్రాలూ పక్క వరుసల్లో, మనుషులకి వేరే చోటు. పైకప్పులో చిన్న కంతలోంచి వెలుగు కడ్డీలా పడుతుంది. గోడ మీద ఆర్మేనియన్‌లో ఒక శాసనం, పర్షియన్‌లో ఒకటి. ఆ దారిలో వచ్చే వర్తకులు ఇద్దరూ చదువుకోవాలిగా. పెద్దాయన అక్కడే వ్యాన్‌లోంచి దిగి మా కోసం ఎదురుచూస్తూ, అప్పటికే అర కిలో జున్ను లాంటి చీజ్ కొని అందరికీ ముక్కలు కోసి పెట్టాడు.

నీళ్ల సంగతి చెప్పలేదు కదా. ఈ దేశంలో సైకిల్ తొక్కేవాడికి నీళ్ల సీసా కొనే పని లేదు. ఎక్కడ చూసినా పుల్పులాక్‌లు ఉంటాయి. రాతి స్తంభంలోంచి సన్నగా ఎగజిమ్మే తాగునీటి ధారలు. చల్లగా, కొండ నీళ్లు. చాలావాటి మీద ఒక పేరు, ఒక్కోసారి ఒక ఫొటో చెక్కి ఉంటాయి. చనిపోయిన కొడుకు పేరో, అన్న పేరో. వాళ్ల జ్ఞాపకంగా కట్టించారన్నమాట. మన ఊళ్లలో ఎండాకాలం చలివేంద్రం మీద "కీర్తిశేషులు" అని పేరు రాస్తారే, అదే. తాగేముందు మా లోకల్ వాళ్లు ఆ పేరు పైకి చదివేవాళ్లు. ఆ అలవాటు నాకూ వచ్చేసింది. తాగడానికి ఇంకోటి తాన్. పెరుగు, నీళ్లు, ఉప్పు. మజ్జిగ! మిరపకాయ, అల్లం లేవు అంతే.

నాలుగో రోజు సెవాన్ సరస్సు పక్కనే. సముద్రమట్టానికి 1,900 మీటర్ల ఎత్తున అంత నీళ్లు. నొరాతుస్ ఊళ్లో ఖచ్‌కార్‌ల శ్మశానం చూశాం. ఖచ్‌కార్ అంటే శిలువ చెక్కిన రాతిపలక. వందల కొద్దీ నిలబడి ఉన్నాయి. ఒకదానిలా ఇంకోటి ఉండదు. తైమూర్ సైన్యం వచ్చినప్పుడు ఊరివాళ్లు ఈ రాళ్లకి శిరస్త్రాణాలు తొడిగి, కత్తులు ఆనించి పెట్టారట. దూరం నుంచి చూసి పెద్ద సైన్యం అనుకుని శత్రువు వెనుదిరిగాడని కథ. అక్కడ ముసలమ్మలు ఊలు మేజోళ్లు అల్లుతూ అమ్ముతారు. సెవానవాంక్ మఠం 874లో మరియం రాకుమారి కట్టించింది. అప్పుడది దీవి. సోవియట్ కాలంలో కరెంటు కోసం, సాగు కోసం సరస్సు నీళ్లు తోడేశారు. మట్టం దాదాపు 20 మీటర్లు పడిపోయింది. దీవి కాస్తా ద్వీపకల్పం అయింది. ఇప్పుడు మేం దాని దాకా సైకిల్ మీదే వెళ్లాం.

తర్వాత దిలిజాన్ అడవి, వనద్జోర్. అక్కడ్నుంచి వ్యాన్‌లో హఘ్‌పాట్ వెళ్లొచ్చాం. 10వ శతాబ్దం నాటి మఠం, యునెస్కో జాబితాలో ఉంది, చాలా గొప్పది. కానీ ఆ రోజు వాన, అందరం అలిసిపోయి ఉన్నాం. నిజం చెప్పాలంటే నాకు గుర్తున్నది తడిసిన సాక్సులే. హఘ్‌పాట్‌కి అన్యాయం చేస్తున్నానని తెలుసు.

చివరి రోజు స్పితాక్ మీదుగా గ్యుమ్రి. ఈ దారి గురించి ఎవరూ జోకులు వేయలేదు. 1988 డిసెంబర్ 7, పొద్దున 11:41. పిల్లలు బళ్లో, పెద్దలు ఫ్యాక్టరీల్లో ఉన్న సమయం. భూకంపంలో స్పితాక్ ఊరు దాదాపు పూర్తిగా పోయింది. అప్పట్లో లెనినకాన్ అని పిలిచే గ్యుమ్రిలో అపార్ట్‌మెంట్లు పేకముక్కల్లా కూలాయి. మొత్తం సుమారు 25 వేల మంది చనిపోయారు. మర్నాడు ఫ్రాన్స్‌లో ఉన్న గాయకుడు షార్ల్ అజ్నవూర్ ఊరుకోలేదు. ఆయన ఆర్మేనియన్ సంతతే. 1989లో ఫ్రెంచ్ కళాకారులందర్నీ కూడగట్టి పాట రికార్డు చేసి, వచ్చిన డబ్బు ఇక్కడికి పంపాడు. గ్యుమ్రిలో ఆయన విగ్రహం ఉంది. మేం సైకిల్ తొక్కితే ఆయన పాట పాడాడు, డప్పు ఒకటే.

ఇళ్లు పోయినవాళ్లకి అప్పుడు తాత్కాలికంగా ఇనుప వ్యాగన్లు ఇచ్చారు. దోమిక్ అంటారు, రష్యన్‌లో చిన్న ఇల్లు అని. రెండేళ్లలో కొత్త ఇళ్లు కట్టిస్తామన్నారు. ఈలోపు 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, యుద్ధం వచ్చింది, సరిహద్దులు మూతపడ్డాయి, సిమెంటు లేదు, పని లేదు. 35 ఏళ్లు దాటాక కూడా కొన్ని కుటుంబాలు ఆ తుప్పుపట్టిన డబ్బాల్లోనే ఉన్నాయి. కొందరు పక్కనే పునాది వేసి, గోడలు లేపి, అక్కడే ఆపేశారు. వీటికి తోడు 2023 సెప్టెంబర్‌లో నగొర్నో-కరబఖ్ నుంచి వారం రోజుల్లో లక్ష మందికి పైగా కట్టుబట్టలతో వచ్చారు. వాళ్లకీ ఇళ్లు కావాలి.

మేం వెళ్లిన ఇంట్లో ఒక బామ్మ, కోడలు, ఇద్దరు పిల్లలు. కొడుకు రష్యాలో కూలిపని. అక్కడ బామ్మని తాతిక్ అంటారు. తాతని పాపిక్ అంటారు! మొదటి ఏడాది నేను చాలా కన్ఫ్యూజ్ అయ్యాను. తాతిక్ దోమిక్‌లోకి పెళ్లయిన కొత్తలో వచ్చింది, కొడుకు అందులోనే పుట్టాడు. పక్కన నడుం ఎత్తు దాటిన గోడలు, కప్పు లేదు, లోపల బంగాళాదుంప మొక్కలు.

మాలో ఒకతను ముందే ప్లాన్ చేసి పెట్టుకున్నాడు. ఒక పెద్ద అట్ట చెక్కు, దాన్ని తాతిక్ చేతికిస్తూ వీడియో. దాతలకి చూపించాలిగా అన్నాడు. తాతిక్ అట్ట వైపు చూసింది, కోడలితో ఏదో అంది. టీచరమ్మ అనువాదం చేసింది: "ఇది దానం కాదు, అప్పు. నా కొడుకు నెలనెలా కడతాడు. అప్పు తీసుకునేటప్పుడు ఎవరైనా ఫొటో దిగుతారా?"

నిజంగా అప్పే. ఆ సంస్థ పద్ధతి అది. కుటుంబం తన చెమట పెట్టాలి, సామాను సంస్థ ఇస్తుంది, ఆ ఖర్చు వడ్డీ లేకుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిరిగి కడతారు. కట్టిన డబ్బు ఇంకో కుటుంబం ఇంటికి పోతుంది. అంటే మా మేనమామ ఇచ్చిన రూపాయి ఈ గోడలోంచి ఇంకో గోడలోకి వెళ్తుంది. ఇది మాకు చెప్పారు, పేపర్లో ఉంది. కానీ అట్ట చెక్కు తయారుచేసేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. గ్రూప్‌లో పావుగంట చర్చ జరిగింది. దాతకి సాక్ష్యం కావాలి కదా అని ఒక వాదం, అది తప్పు కాదు. చివరికి మనుషులు లేకుండా గోడ ఫొటో, సామాను బిల్లులు పెడదామని ఒప్పుకున్నాం. అట్టని విరగ్గొట్టి, మోకాళ్ల కింద వేసుకుని ఇటుకలు మోయడానికి వాడుకున్నాం.

ఆ రోజు, మర్నాడు పనిచేశాం. మేస్త్రీ మమ్మల్ని చూసి నవ్వడం ఆపలేదు. 400 కిలోమీటర్లు తొక్కిన కాళ్లు సిమెంటు కలపడానికి పనికిరావు. మధ్యాహ్నం తాతిక్ లవాష్ రొట్టెలు తెచ్చింది. పల్చగా, చేట అంత పెద్దగా ఉంటాయి. భూమిలో పాతిన తొనీర్ పొయ్యి గోడకి కొట్టి కాలుస్తారు. తొనీర్, మన తందూర్ ఒకటే కుటుంబం. చీజ్, ఆకుకూర చుట్టి ఒక్కొక్కరికీ చేతిలో పెట్టి "కేర్, జాన్, కేర్" అంది. తిను నాన్నా, తిను అని. జాన్ అంటే ప్రాణం, హైదరాబాద్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత తన చేతికి బీపీ మిషన్ కట్టమంది. 170 దాటింది. మందు ఉంది, వేసుకోవట్లేదు, నెలాఖరుకి దాస్తోందట. ఆ సంగతి కోడలికి చెప్పి, దగ్గర్లోని పాలీక్లినిక్‌కి వాళ్లతో పాటు వెళ్లొచ్చాను.

వచ్చిన విరాళం ఎంతంటే, గోడలు పూర్తి చేసి కప్పు వేయడానికి సరిపోయింది. కిటికీలకి, లోపలి గచ్చుకి సరిపోలేదు. గత వారం టీచరమ్మ ఫోన్ చేసింది. కప్పు రేకులు బిగించారు, వాన రెండుసార్లు పడింది, కారలేదు. బంగాళాదుంపలు తవ్వేసి మాకో సంచి పంపారు, హాస్టల్లో వేపుడు చేశాం. గ్యుమ్రిలో చలి అక్టోబర్ నుంచే మొదలవుతుంది, మైనస్ 20 దాకా పోతుంది. కాబట్టి కిటికీలు సెప్టెంబర్ లోపు రావాలి. సెప్టెంబర్‌లో రెండు రోజుల చిన్న రైడ్ పెడుతున్నారు, సెవాన్ చుట్టూ. ఈసారి కిలోమీటర్ లెక్క లేదు, అట్ట లేదు. పెద్దాయన కూడా వస్తానన్నాడు. వ్యాన్ డ్రైవర్‌గా.

అంతే ఈ ఎపిసోడ్‌కి. ఆర్మేనియాలో సైకిల్ రూట్ గురించి, సీజన్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో మ్యాప్ పెట్టి చెప్తాను. ఉంటాను మరి, త్సెతెసుత్యున్. అంటే మళ్లీ కలుద్దాం అని.